దేవునికి స్తోత్రము, పొరుగువానికి కృతజ్ఞత

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో మిరపకోతలు ముమ్మరముగా సాగు దినములలో, ఒక పల్లెలోని క్రైస్తవ సంఘమువారి పంట పండుగను ధ్వనిముద్రణ చేయుటకై మేము వెళ్ళితిమి. గుడిని మామిడాకులతోను చెరకు గడలతోను అలంకరించిరి. ముందు భాగమున ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కందులు, పత్తి బుట్టలు, మిరపపండ్ల గంపలు వరుసగా నిలిపిరి. ఆరాధన ముగిసిన పిమ్మట ఆ కానుకలను వేలము వేసిరి. ఒక పెద్ద రైతు మొదటి కోత మిరపకాయలను బస్తా నిండ సమర్పించెను. సంఘకాపరి వానకు, ఎండకు, నేలకు, పలికిన ధరకు దేవుని స్తుతించెను. పిల్లలు పాటలు పాడిరి.

కార్యక్రమము చక్కగా వచ్చినదను తృప్తితో మేము పరికరములు సర్దుకొనుచుండగా, వెనుక చాపపై కూర్చుండిన ఒక వృద్ధురాలు మా కంటబడెను. ఆమె వ్రేళ్ళు ఎర్రగా పొంగి యుండెను. ఆ బస్తాలోని కాయలు కోసినవారిలో ఆమెయు ఒకతె యని ప్రక్కవారు చెప్పిరి. "ఇంత కోత కోశావు గదా, నీకెవరైనా ఒక మంచి మాట చెప్పారా అమ్మా?" అని ఊరకనే అడిగితిమి. ఆమె నవ్వి, "కూలి డబ్బులిచ్చారుగా బాబూ! ఇంక చెప్పేదేముంటది?" అన్నది.

అది ఫిర్యాదు కాదు. ఆమె గొంతులో నిష్ఠూరము లేదు. అయినను ఆ మాట మమ్ములను వదలలేదు. కూలి చెల్లించుటతో లెక్క తీరినట్లేనా? దేవునికి ఇంత శ్రద్ధగా స్తోత్రము చెప్పిన గుడిలో, కాయ కోసిన చేతికి ఒక మాట చెప్పవలెనని ఎవరికిని తోచకపోవుటకు కారణమేమి? క్రైస్తవ ధర్మము ఈ విషయమై ఏమి బోధించుచున్నది? ఈ ప్రశ్నలను మా పాఠకులతో కలిసి కొంత ఆలోచింపగోరి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా మన భాష సంగతి చూతము. కృతజ్ఞత చెప్పుటకు తెలుగింట నిత్యము వాడుకొను మాట ఒకటి లేదని కొందరు అందురు. "ధన్యవాదములు" సభావేదికల మాట. అన్నము వడ్డించిన తల్లితో కొడుకు ఆ మాట అన్నచో ఆమె వానికి జ్వరము వచ్చినదేమో యని నుదురు తాకి చూచును. "థాంక్స్" అను ఆంగ్లపు మాట దుకాణములకు, కార్యాలయములకు అలవాటైనది గాని గుండెలోనికి దిగలేదు. అంతమాత్రమున తెలుగువారికి కృతజ్ఞత లేదనరాదు. "నీ కడుపు చల్లగా", "నిండు నూరేళ్ళు బ్రతుకు నాయనా", "మీ మేలు ఈ జన్మకు మరువను" అని మన పెద్దలు మనసు విప్పెడివారు. మనవారు మెప్పుకు మారుగా దీవెన నిచ్చెడివారు. మాటకు మారుగా పెరటి కాయగూరలు పంపెడివారు.

తెలుగు క్రైస్తవులలో మరియొక మాట వాడుకలో నున్నది. ఒకరికొకరు ఎదురుపడినప్పుడు "వందనములండీ" అందురు. ఉత్తరమును ఆ మాటతోనే మొదలుపెట్టుదురు. మేలు పొందినప్పుడును "వందనములు" అనియే చెప్పుదురు. పలకరింపునకును కృతజ్ఞతకును ఒకే మాట యుండుట ఆలోచింపదగినది. ఎదుటివాడు ఎదురుపడుటయే ఒక మేలు అను భావము అందులో ఇమిడి యున్నది. కాని ఏ మాటయైనను వాడగా వాడగా అరిగిపోవును. అందువలన అప్పుడప్పుడు దాని అర్థమును తిరిగి తలచుకొనుట మంచిది.

"కృతజ్ఞత" అను మాటనే విడదీసి చూతము. కృతము అనగా చేయబడినది. జ్ఞుడు అనగా ఎరిగినవాడు. తనకు చేయబడిన దానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. పలుకుటకు ముందు ఎరుక యుండవలెనని ఈ మాటయే చెప్పుచున్నది. మన యింట పప్పులోనికి వేసికొనిన చిటికెడు కారము సంగతి చూడుడు. ఒకరు నారు పోసిరి. ఒకరు నాటిరి. స్త్రీలు వంగి కలుపు తీసిరి. ఒకరు ముక్కునకు గుడ్డ కట్టుకొని పురుగుమందు కొట్టిరి. మాఘమాసపు మంచులోను చైత్రమాసపు ఎండలోను కోతగాండ్రు సాళ్ళ వెంట నడచి పండిన కాయను ఏరి కోసిరి. కల్లములో ఆరబోసి, తిరగవేసి, తాలుకాయను వేరుచేసిరి. టిక్కీలకెత్తి గుంటూరు మిరప యార్డుకు చేర్చిరి. అక్కడ హమాలీలు వీపున మోసిరి. ఈ కోతల కొరకు ఇల్లు వాకిలి విడిచి దూరపు కరవు ప్రాంతములనుండి పిల్లలతో సహా వలస వచ్చి, చేల గట్లపై గుడిసెలు వేసికొని యుండు కుటుంబములు అనేకములు. ఈ చేతులన్నియు ఎరుగనివాడు ఎంత గట్టిగా స్తోత్రము చెప్పినను, అతని కృతజ్ఞతలో సగము లోటే.

ఇక క్రైస్తవుల ఆచారములను గమనింతము. ఈ మైదానములలోని సంఘములలో కృతజ్ఞతకు ముఖ్యముగా మూడు రూపములు కనబడును. మొదటిది మేము చూచిన పంట పండుగ. రైతు తన తొలి ఫలమును, కూలివాడు తన తొలి కూలిలో కొంతను, పాడి గలవారు పాలను, కోళ్ళు గలవారు గ్రుడ్లను తెచ్చి సమర్పింతురు. రెండవది కృతజ్ఞతకూటము. బిడ్డ పరీక్షలో నెగ్గినను, జబ్బుపడిన వారు కోలుకొనినను, ఇల్లు కట్టుకొనినను బంధుమిత్రులను పిలిచి, సంఘకాపరిచే ప్రార్థన చేయించి భోజనము పెట్టుదురు. మూడవది కృతజ్ఞత కానుక. పుట్టినరోజునకో, పెండ్లిరోజునకో కవరులో కొంత సొమ్ము పెట్టి గుడిలో ఇత్తురు. సంఘకాపరి ఆ పేర్లు చదివి ప్రార్థించును.

ఈ మూడును దేవుని వైపు తిరిగిన ఆచారములే. అందులో తప్పు లేదు. సమస్త మేలును దేవునినుండియే వచ్చునని నమ్మువారు మొదట ఆయనను తలచుట సహజము. అయితే ఇక్కడ ఒక జారుడు మెట్టు ఉన్నది. "అంతా దేవుని దయ" అను మాట నిజమైన భక్తితో పలుకవచ్చును. మనుష్యుని ఋణము ఒప్పుకొనకుండ తప్పించుకొనుటకును పలుకవచ్చును. రాత్రియంతయు మేలుకొనిన నర్సు ఎదుట నిలిచి "దేవుడే బ్రతికించినాడు" అని చెప్పి, ఆమె వైపు చూడకయే వెళ్ళిపోవువారిని మనము ఎరుగుదుము. ఆమె దేవునికి పోటీ కాదు గదా!

ఈ విషయమై లూకా సువార్త పదునేడవ అధ్యాయములో ఒక కథ కలదు. సమరయ, గలిలయల సరిహద్దు దారిలో పదిమంది కుష్ఠరోగులు దూరమున నిలిచి యేసును వేడుకొందురు. యాజకులకు తమ్మును కనుపరచుకొనుడని ఆయన చెప్పును. వెళ్ళుచుండగా దారిలోనే వారు శుద్ధులగుదురు. తొమ్మిదిమంది ముందుకే సాగిపోయిరి. ఒక్కడు వెనుకకు తిరిగి వచ్చెను. వాడు యూదులు తక్కువగా చూచు సమరయుడు. మిగిలిన తొమ్మిదిమంది యెక్కడ అని యేసు అడిగెను.

ఈ కథను ఎన్నియోసార్లు వినియుందుము. కాని రెండు సంగతులు తరచుగా మన దృష్టికి రావు. మొదటిది, ఆ తొమ్మిదిమంది చెడ్డవారు కారు. చెప్పిన పని చెప్పినట్లు చేయుటకే పోయిరి. నియమము తప్పకుండ నడుచుకొనువారు కూడ కృతజ్ఞత మరువవచ్చునని దీనివలన తేలుచున్నది. రెండవది, తిరిగి వచ్చినవాడు రెండు పనులు చేసెను. గొంతెత్తి దేవుని మహిమపరచెను; మేలు చేసినవాని పాదములయొద్ద పడి ఆయనకు కృతజ్ఞత చెప్పెను. దారిలో నిలిచి ఆకాశము వైపు చూచి స్తుతించి అట్నుంచి అటే ఇంటికి పోలేదు. వెనుకకు నడచి వచ్చెను. ఆ తిరుగు నడకయే కథకు ప్రాణము.

పౌలు ఉత్తరములలో ఈ ధర్మము ఇంకను స్పష్టముగా కనబడును. రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక వేదాంతముతో నిండిన గంభీర గ్రంథము. దాని చివరి అధ్యాయము మాత్రము పేర్ల పట్టిక వలె నుండును. చాలమంది దానిని చదువకయే పుట త్రిప్పుదురు. ఆ పట్టికలో ఇరువదిమందికి పైగా మనుష్యులున్నారు. ఫీబే యను స్త్రీ అనేకులకు సహాయురాలైనదని పౌలు ఆమెను పరిచయము చేయును. ప్రిస్కిల్ల, అకుల అను దంపతులు తన కొరకు ప్రాణములకు తెగించిరని, వారికి తాను కృతజ్ఞుడనని చెప్పును. రూఫు తల్లి తనకును తల్లియే యనును. ప్రయాసపడిన స్త్రీలను పేరు పేరున తలచును. అంతేకాదు, పౌలు చెప్పుచుండగా ఆ ఉత్తరమును చేత వ్రాసిన తెర్తియు అను లేఖకుడును అందులో తన పేరు చెప్పుకొని వందనములు పంపుకొనెను. కలము పట్టినవానికి అక్కడ చోటు దొరకుట మా వంటి వారికి ముచ్చట గొలుపును.

ఫిలిప్పీయులు పౌలు చెరలో నుండగా ఎపఫ్రొదితు చేత సహాయము పంపిరి. దానికి ఆయన వ్రాసిన జవాబు కృతజ్ఞత చెప్పుట నేర్వగోరువారికి మంచి పాఠము. ఉన్నను లేకున్నను తృప్తితో నుండ నేర్చుకొంటినని చెప్పును. అనగా ఇంకను పంపుడని అడుగుట లేదు. అయినను మీరు చేసినది మంచి పని యని, మొదటినుండి తనకు ఇచ్చుటలో పాలు పంచుకొనినవారు మీరేయని గుర్తుచేయును. తెచ్చిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావునకు దగ్గరైనాడని చెప్పి, అతనిని గౌరవముతో చేర్చుకొనుడని కోరును. ఇచ్చినవారిని, తెచ్చినవానిని, చేసిన పనిని విడివిడిగా తలచుట ఇందులోని విశేషము. పొగడ్త లేదు; యాచన లేదు.

ఇప్పుడు మన ప్రాంతపు చరిత్రకు వత్తము. లూథరను మిషనరీ హేయరుగారు 1842 జులై 31న గుంటూరు చేరినప్పుడు అప్పటి కలెక్టరు స్టోక్సు ఆయనను ఆదరించి నిలువ నీడ కల్పించెను. బాప్తిస్టు మిషను పక్షమున జాన్ క్లౌగారు 1866లో ఒంగోలులో స్థిరపడిరి. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును దహించిన ధాత కరవులో క్లౌగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడు మైళ్ళ పనిని గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చిన వేలాది జనులకు పని కల్పించి కూలి ఇప్పించిరి. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము కోరి వచ్చిరి. ఆయన ఇయ్యలేదు. తిండి పెట్టిన చేతి మీది మోమాటముతో మతము పుచ్చుకొనరాదని ఏడాదికి పైగా ఆపివేసిరి. కరవు సహాయము ముగిసిన తరువాతనే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మములు జరిగెను.

ఈ సంగతిని సాధారణముగా సంఖ్యల కొరకు చెప్పుకొందురు. మాకు మాత్రము ఆ ఏడాది నిరీక్షణ ముఖ్యమనిపించును. కృతజ్ఞతను వెలగా వసూలు చేయరాదని క్లౌగారికి తెలియును. మేలు చేసినవాడు ఎదుటివాని కృతజ్ఞతను తన పనికి వాడుకొనినచో అది కృతజ్ఞత కాదు, వడ్డీ. మరియొక సంగతి కలదు. ఆనాడు నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు తెలుగు బోధకులే. క్లౌగారు తమ జీవిత కథలో యెర్రగుంట్ల పేరయ్యగారి వంటివారికి విశేషమైన చోటిచ్చిరి. పేరయ్యగారు 1866లో క్రైస్తవుడై, చెప్పులు కుట్టు మాదిగ కుటుంబముల నడుమ కాలినడకన ఊరూర తిరిగి బోధించిన సాధువు. వేలమందికి దారి చూపినది ఆయన అడుగులు. పేరు గల దొర పేరు లేని తోటివాని పేరు వ్రాసిపెట్టుటవలననే నేడు ఆ పేరు మనకు మిగిలినది.

గుంటూరులో డాక్టరు అన్నా కూగ్లరు కథ మరియొక వైపు చూపును. ఆమె 1883లో అమెరికా నుండి వచ్చిరి. స్త్రీలకు, శిశువులకు వైద్యము చేయుచు, 1898లో ఆసుపత్రిని తెరచి, 1930లో ఇక్కడనే కన్ను మూసిరి. నేటికిని ఆ ఆసుపత్రి ఆమె పేరనే ప్రసిద్ధము. ఏలూరు జమీందారు రాజా భుజంగరావు బహదూరుగారు హిందువులు, స్వయముగా కవులు. తమ రాణిగారికి ఆమె చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఆసుపత్రికి వచ్చు రోగుల బంధువులు దిగుటకై సమీపమున ఒక సత్రము కట్టించిరి. డాక్టరుగారికి నగలో, నాణెములో ఇచ్చియుండవచ్చును. ఆ మార్గము వదలి, రాణిగారి వలెనే బాధపడు ఎవరి భార్యయో, ఎవరి బిడ్డయో వచ్చినప్పుడు చెట్టు క్రింద పడియుండు వారి బంధువులను తలచిరి. తాము పొందిన మేలును తామెరుగనివారి కందించిరి. కృతజ్ఞత క్రైస్తవుల సొత్తు కాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

మన పురాణములలోను ఈ వివేకము కలదు. వర్షాకాలము గడచినను మాట మరచి భోగములలో మునిగిన సుగ్రీవునిపై లక్ష్మణుడు కినుక వహించి కిష్కింధకు వెళ్ళుట అందరు ఎరిగిన కథ. అంతకంటె సున్నితమైన ఘట్టమొకటి పట్టాభిషేకానంతరము వచ్చును. హనుమంతునితో రాముడు చెప్పునట్టి మాటల భావమిది: నీ ఉపకారము నాలోనే జీర్ణమైపోవునుగాక, ప్రత్యుపకారము చేయవలెనని కోరుకొనినచో నీకు ఆపద రావలెనని కోరుకొనినట్లగును. ఋణము తీర్చుట వేరు, కృతజ్ఞత వేరు అని ఇంత హాయిగా చెప్పినది అరుదు. తీర్చనవసరము లేని ఋణమును సంతోషముతో మోయుటయే కృతజ్ఞత.

కాని పల్లెలలో ఋణమునకును కృతజ్ఞతకును గల ఈ భేదము చాల కాలము చెరిగిపోయినది. "మా ఉప్పు తిన్నవాడవు", "విశ్వాసము లేదా?" అను మాటలు పైనుండి క్రిందికి వచ్చెడివి. కృతజ్ఞత మాత్రము ఎల్లప్పుడును క్రిందినుండి పైకి పోవలెను. గంజి పోసిన ఆసామి ఎదుట పాలేరు తలగుడ్డ తీసి నిలువవలెను. ఏడాది పొడుగున చాకిరి చేసిన పాలేరు ఎదుట ఆసామి నిలిచి ఒక మంచి మాట చెప్పుట ఎన్నడును లేదు. ఈ మైదానములలో క్రైస్తవమును స్వీకరించినవారిలో అధికులు మాల, మాదిగ పల్లెలవారే. కృతజ్ఞత పేరిట అణకువను వసూలు చేసిన చరిత్ర వారికి బాగుగ తెలియును. కనుక "కృతజ్ఞులై యుండుడు" అని వారికి బోధించు వారు ఆ బోధను పైవారికిని వినిపింపవలెను. దిగువకు ప్రవహించు కృతజ్ఞతయే ఈ నేలకు కొత్త.

క్రైస్తవారాధనలో నడిమి సంస్కారమైన ప్రభు భోజనమునకు గ్రీకు భాషలో ఒక ప్రాచీన నామము కలదు. దాని అర్థము కృతజ్ఞత చెల్లించుటయే. యేసు రొట్టె నెత్తి కృతజ్ఞత చెప్పి విరిచి ఇచ్చిన దానినుండి ఆ పేరు వచ్చినది. ఆ బల్లయొద్ద రైతు, కూలి ఒకే రొట్టెలో పాలు పొందవలెను. అక్కడ ప్రక్కప్రక్కన మోకరించిన యిద్దరు గుడి దాటిన వెంటనే ఒకరినొకరు ఎరుగనట్లు నడచుట ఆ సంస్కారమునకు తగదు.

కృతజ్ఞత చెప్పుటలో ఆలస్యము మరియొక దోషము. వినుకొండలో 1895లో జన్మించిన మహాకవి గుఱ్ఱం జాషువగారు 1932లో "ఫిరదౌసి" కావ్యమును ప్రకటించిరి. ముప్పది యేండ్లు శ్రమించి షానామా వ్రాసిన పారశీక కవికి గజనీ సుల్తాను బంగారము పలికి వెండి పంపిన కథ యది. సుల్తాను పశ్చాత్తాపముతో పంపిన బంగారు మోసిన ఒంటెలు నగరములో ప్రవేశించుచుండగా కవి శవము మరియొక ద్వారమున వెలుపలికి పోవుచుండెనని జనశ్రుతి. జాషువగారు క్రైస్తవులు, "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. 1957 నుండి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రమున పనిచేసినందున మా వృత్తిలో మాకు పెద్దలు. తగిన వేళ దాటిన బంగారమునకు విలువ లేదని ఫిరదౌసి కథ మనకు గుర్తుచేయును. చెప్పదలచిన మాట మనిషి బ్రతికి యుండగనే చెప్పవలెను.

ఇంత చెప్పి మా తప్పు చెప్పకున్న న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తుఫాను రాత్రి తీరవాసులకు హెచ్చరికలు ప్రసారము చేయుచు మేము స్టూడియోలో నుంటిమి. ఊరంతట విద్యుత్తు పోయినను ప్రసారము ఆగలేదు. తరువాత తీరగ్రామములనుండి ఉత్తరములు వచ్చెను. "మీ గొంతు విని ధైర్యము తెచ్చుకొంటిమి" అని శ్రోతలు వ్రాసిరి. మేము ఆ ఉత్తరములను గర్వముతో చదివి వినిపించితిమి. ఊరి వెలుపల ప్రసారయంత్రము వద్ద తెల్లవార్లు మేలుకొని జనరేటరు నడిపిన సాంకేతికుని పేరు ఒక్కసారి కూడ చెప్పలేదు. కళాకారుల పేర్లు చెప్పుట మాకు అలవాటు. ఆ కళను గాలిలోనికి పంపువారి పేర్లు చెప్పుట అలవాటు కాదు. ఆయన ఉద్యోగ విరమణ చేసిన చాల దినములకు మాకు తోచి, ఆయన యింటికి పోయి ఆ రాత్రి సంగతి ఎత్తి కృతజ్ఞత చెప్పితిమి. ఆయన కొంత సేపు మాటాడలేదు. పిమ్మట, "సంతోషమండీ. అయితే, ఆ వానలో మోకాటి లోతు నీళ్ళలో డీజిలు డబ్బా మోసుకొచ్చిన కుర్రవాడొకడున్నాడు. వాడికి చెప్పారా?" అని అడిగిరి. మేము చెప్పలేదు. ఆ కుర్రవాని పేరు ఆయనకు జ్ఞాపకమున్నది. మాకు అసలే తెలియదు. చిరునామా అడిగి తీసికొని వెళ్ళితిమి.

ఈ అనుభవము నుండియు, పైన చెప్పిన గ్రంథముల నుండియు మేము గ్రహించిన కొన్ని సంగతులు సంగ్రహముగా చెప్పుదుము. కృతజ్ఞత చెప్పునప్పుడు పేరుతో చెప్పవలెను. అందరికి కలిపి చెప్పినది ఎవరికిని చెందదు. చేసిన పనిని విడమరచి చెప్పవలెను. "మీరు చాల మంచివారు" అనుట కంటె "ఆ రాత్రి మీరు బండి కట్టి ఆసుపత్రికి తెచ్చినందున మా అమ్మ బ్రతికినది" అనుట మేలు. కారణము లేని పొగడ్తను వినువాడు అనుమానించును. జరిగిన పనిని చెప్పినప్పుడు నమ్మును. వీలైనంతవరకు ఎదుట నిలిచి చెప్పవలెను; కాలేనప్పుడు ఉత్తరము వ్రాయవలెను. చెప్పిన వెంటనే మరియొక సహాయము అడుగరాదు. అట్లు అడిగినచో ముందు చెప్పినదంతయు ఎర యగును.

మరియొకటి మరువరాదు. న్యాయమైన కూలికి మారుగా కృతజ్ఞత చెప్పరాదు. తూకములో కోత కోసి, నవ్వుతో "నీ మేలు మరువను" అనువాని మాటకు తాలుకాయ పాటి ధర కూడ లేదు. మొదట కూలి పూర్తిగా ఇయ్యవలెను. పిమ్మట మాట చెప్పవలెను. కూలి ఆమె శ్రమకు వెల. ఆ శ్రమ చేసిన మనిషిని ఎరుగుదుమని చెప్పుటకు వేరొక మాట కావలెను. "కూలి ఇచ్చారుగా, ఇంక చెప్పేదేముంటది?" అని ఆ వృద్ధురాలు అడిగిన దానికి మాకు తోచిన జవాబు ఇదియే.

ఆచారములను మార్చుట పెద్దల పని. అయినను ఒక సూచన చేయుదుము. కృతజ్ఞతకూటములలో సాక్ష్యము చెప్పు అలవాటు ఇప్పటికే ఉన్నది. ఇంటివారు లేచి తమకు కలిగిన మేలును సభలో వివరింతురు. ఆ సాక్ష్యములో దేవుని నామముతో పాటు మేలునకు సాధనమైన మనుష్యుల పేర్లును చెప్పినచో ఆ కూటము నిండుగ నుండును. పంట పండుగనాడు గంపల ప్రక్కన ఆ పంట నాటిన, తీసిన, మోసిన వారిని నిలిపి పేర్లు చదివినచో దేవుని మహిమకు లోటు రాదు. క్రైస్తవేతరుల యిండ్లలోను సంక్రాంతికి కొత్త బియ్యము పొంగు వేళ ఇట్టి పని చేయుటకు ఏ అడ్డును లేదు.

ఆ ధ్వనిముద్రణను మేము ప్రసారమునకు సిద్ధపరచునప్పుడు సంఘకాపరికి, పాటకులకు, రైతుకు కృతజ్ఞతలు చెప్పు వాక్యములు వ్రాసికొంటిమి. ఆ వృద్ధురాలి పేరు అడుగుట మరచితిమని అప్పుడు తెలిసినది. మరునాడు ఆ యూరికి కబురు పంపి ఆమె పేరు తెలిసికొని, ఆమె సమ్మతి పొంది, కార్యక్రమము చివర ఆ పేరు చదివితిమి. దానిని ఆమె విన్నదో లేదో చెప్పలేము. ఆ వేళకు కోతలు ఇంకను ముగియలేదు. పాఠకులు ఈ సాయంకాలము రేడియో కట్టిన పిమ్మట, తమకు మేలు చేసియు తమ నోట ఒక మాటయు విననివారు ఎవరైన ఉన్నారేమో తలచుకొని, ఆ పేరు గలవారి యింటికి ఒక్కసారి నడచి పోవలెనని మా మనవి.